సీరియం సమ్మేళనంలో తగ్గిన ఎంట్రోపీ: కోండో ప్రభావమా, స్వల్పశ్రేణి అయస్కాంత క్రమమా?

ప్రశ్న
మల్లేశ్వరం_పరిశోధకురాలు, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. సీరియం, ఒక పరివర్తన లోహం, సిలికాన్ కలిసిన టెట్రాగొనల్ సమ్మేళనం ఒకదానిపై పని చేస్తున్నాను. ఫలితాలు ఇంకా అచ్చు కాలేదు కనుక దాని పేరు ఇక్కడ రాయలేను, మన్నించాలి. నమూనా పాలీక్రిస్టల్, ఏక స్ఫటికం ఇంకా చేతికి రాలేదు.

కొలతల్లో వచ్చినవి ఇవి. అయస్కాంత ససెప్టిబిలిటీలోనూ విశిష్టోష్ణంలోనూ 4.6 కెల్విన్ దగ్గర స్పష్టమైన శిఖరం ఉంది. చిన్న క్షేత్రం పెడితే అది కొద్దిగా కిందికి జరుగుతోంది కాబట్టి యాంటీఫెర్రో క్రమమని (పొరుగు భ్రామకాలు ఎదురెదురుగా నిలిచే అయస్కాంత క్రమం) అనుకుంటున్నాము. 150 నుంచి 300 కెల్విన్ వరకు క్యూరీ–వైస్ గీత (ససెప్టిబిలిటీ విలోమం ఉష్ణోగ్రతతో మారే సరళరేఖ) గీస్తే ప్రభావ భ్రామకం 2.51 బోర్ మాగ్నెటాన్లు, వైస్ ఉష్ణోగ్రత మైనస్ 31 కెల్విన్ వస్తున్నాయి. సీరియం బదులు 4ఎఫ్ ఎలక్ట్రాన్ లేని లాంథనం ఉన్న సమ్మేళనపు నిరోధకతను తీసివేశాక మిగిలేది 30 నుంచి 8 కెల్విన్ వరకు, ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ లాగరిథమ్ పద్ధతిలో పెరుగుతోంది. 90 కెల్విన్ సమీపంలో మరొక వెడల్పైన గుబ్బ కూడా కనిపిస్తోంది. విశిష్టోష్ణపు గంతు మోలుకు 6.8 జౌల్/కెల్విన్. అయస్కాంత ఎంట్రోపీ 4.6 కెల్విన్ వద్ద ఆర్ ఎల్ఎన్ 2లో (రెండు స్థాయిల పూర్తి ఎంట్రోపీ) 62 శాతం మాత్రమే ఉంది. పూర్తి విలువ రావడానికి 14 కెల్విన్ దాకా వెళ్ళవలసి వస్తోంది.

మా గైడ్ గారు దీన్ని «కోండో జాలక యాంటీఫెర్రోమాగ్నెట్» అని, అంటే వాహక ఎలక్ట్రాన్లు సీరియం భ్రామకాలను కప్పివేసే కోండో ప్రభావం జాలకమంతటా ఉన్న యాంటీఫెర్రోమాగ్నెట్ అని రాయమంటున్నారు. మా ల్యాబ్‌లోని సీనియర్ ఒకాయన మాత్రం తగ్గిన ఎంట్రోపీని చూపించి కోండో అనడం సీరియం వాళ్ళకు అలవాటైపోయిందని, ఆ మాట నిలబడాలంటే ఇంకా చాలా చూపించాలని అంటున్నారు. మిగిలిన 38 శాతం కోండో వల్లే పోయిందని ఏ ఆధారంతో చెప్పగలను? ఈ సమ్మేళనం అయస్కాంత క్రమానికీ కోండోకూ మధ్య పోటీని చూపే డోనియాక్ పటంలో ఎక్కడ ఉందో చెప్పడానికి ఈ కొలతలు సరిపోతాయా?


జవాబు
అడయారు_నివాసి, చెన్నై

మీ సీనియర్ గారి అనుమానంలో న్యాయం ఉంది. అయితే మీ గైడ్ గారి మాట తప్పని కూడా ఈ కొలతలు చెప్పడం లేదు. ముందు ఎంట్రోపీ సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువ మంది తొందరపడేది అక్కడే.

మూడు ధనావేశాల సీరియం అయానులో ఒకే ఒక 4ఎఫ్ ఎలక్ట్రాన్ ఉంటుంది. జె విలువ 5/2 కాబట్టి ఆరు స్థాయిలు ఉంటాయి. టెట్రాగొనల్ స్ఫటిక క్షేత్రం (చుట్టూ ఉన్న అయాన్ల విద్యుత్ క్షేత్రం) వాటిని మూడు డబ్లెట్లుగా, అంటే సమాన శక్తి గల జంట స్థాయిలుగా, విడదీస్తుంది. తక్కువ ఉష్ణోగ్రతలో అడుగు డబ్లెట్ ఒక్కటే మిగులుతుంది గనుక, దాని పూర్తి ఎంట్రోపీ ఆర్ ఎల్ఎన్ 2, అంటే మోలుకు 5.76 జౌల్/కెల్విన్. పొరుగు స్పిన్ల ప్రభావాన్ని ఒక సగటుగా తీసుకునే సగటు క్షేత్ర సిద్ధాంతం ప్రకారం ఇది మొత్తం క్రమోష్ణోగ్రతకు కిందనే ఖర్చయిపోవాలి, విశిష్టోష్ణపు గంతు 12.5 జౌల్/కెల్విన్ ఉండాలి. మీకు రెండూ సగానికి కొంచెం పైన మాత్రమే వచ్చాయి కాబట్టి, వాహక ఎలక్ట్రాన్లు భ్రామకాలను కొంత కప్పివేశాయని అనిపించడం సహజం.

కానీ సగటు క్షేత్ర సిద్ధాంతంతో పోల్చడమే ఇక్కడి చిక్కు. కోండో ఊసే లేని, స్పిన్లు పైకో కిందికో మాత్రమే చూసే ఐసింగ్ నమూనాను తీసుకోండి. సాధారణ ఘన (క్యూబిక్) జాలకంలో, పొరుగు స్పిన్ల మధ్య మాత్రమే వినిమయం ఉన్నప్పుడు, క్రమోష్ణోగ్రత వద్ద ఎంట్రోపీ పూర్తి విలువలో దాదాపు 80 శాతమే ఉంటుంది. రెండు పరిమాణాల చదరపు జాలకంలో, 1944లో ఆన్సాగర్ కచ్చితంగా సాధించిన లెక్క ప్రకారం, అది 44 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా క్రమోష్ణోగ్రతకు పైన స్వల్పశ్రేణి క్రమంలో నెమ్మదిగా బయటపడుతుంది. మీ 62 శాతం సరిగ్గా ఈ రెండింటి మధ్య ఉంది. నిజమైన లోహంలో వాహక ఎలక్ట్రాన్ల ద్వారా జరిగే ఆర్‌కేకేవై వినిమయం దూరం దాకా పాకుతుంది కాబట్టి సగటు క్షేత్రానికి కొంత దగ్గరగా ఉండవచ్చు. కానీ మీ టెట్రాగొనల్ నిర్మాణంలో సీరియం పొరల మధ్య దూరం ఎక్కువైతే రెండు పరిమాణాల పోకడ రావడంలో వింతేమీ లేదు. కనుక ఎంట్రోపీ అంకె ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేము.

వైస్ ఉష్ణోగ్రత విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. 4.6 కెల్విన్ వద్ద క్రమం వచ్చే పదార్థానికి మైనస్ 31 రావడం వినిమయం ఒక్కదానితో కుదరదు, కాబట్టి కోండో వైపు మొగ్గడానికి అది ఒక కారణమే. కానీ స్ఫటిక క్షేత్రం దీన్ని ఎంత కలుపుతుందో చూడాలి. పొడి నమూనాలో దిశలన్నిటి సగటు తీసుకున్నప్పుడు దాని మొదటి స్థాయి ప్రభావం రద్దవుతుందన్నది నిజమే. మీ 90 కెల్విన్ గుబ్బను బట్టి పై డబ్లెట్లు వంద, రెండు వందల కెల్విన్ల ప్రాంతంలో ఉన్నట్టుంది. అలాంటప్పుడు 150–300 పరిధిలో గీసిన గీతలో తర్వాతి స్థాయి పదాలు ఇంకా చావవు. పైగా పాలీక్రిస్టల్ ముక్కలో రేణువులు ఒక వైపు వాలి ఉంటే ఆ మొదటి స్థాయి రద్దు కూడా పూర్తిగా జరగదు. వీటన్నిటినీ దాటినా, ఎక్కువ ఉష్ణోగ్రతలో కొలిచిన వైస్ విలువ చెప్పేది ఆరు స్థాయిలూ పాల్గొనే కోండో ఉష్ణోగ్రత గురించే. అడుగు డబ్లెట్ ఒక్కదాని కోండో ఉష్ణోగ్రత దానికన్నా బాగా తక్కువ ఉంటుంది, అయస్కాంత క్రమంతో పోటీ పడేది ఆ తక్కువ విలువే. వైస్ ఉష్ణోగ్రతను నాలుగుతో భాగించి కోండో ఉష్ణోగ్రత అని పట్టికలో వేసే అలవాటు నాకు మొదటి నుంచీ నచ్చదు.

నిరోధకత మీకు అన్నిటికన్నా బలమైన ఆధారం. 1930లలో లైడెన్‌లో బంగారపు నిరోధకత తక్కువ ఉష్ణోగ్రతలో మళ్ళీ పెరగడాన్ని గమనించారు. 1964లో కోండో దానికి కారణం చూపించేటప్పుడు వచ్చినది ఈ లాగరిథమ్ పదమే. స్ఫటిక క్షేత్రం ఉన్నప్పుడు లాగరిథమ్ వాలు రెండు చోట్ల వస్తుందని, మధ్యలో గుబ్బ ఏర్పడుతుందని 1972లో కోర్నూ, కొక్బ్లాన్ లెక్కగట్టారు. మీ 90 కెల్విన్ గుబ్బ ఆ చిత్రంలో చక్కగా ఇముడుతోంది. అయినా క్రమోష్ణోగ్రతకు పైన కొన్ని కెల్విన్ల పరిధిలో స్వల్పశ్రేణి క్రమం కూడా నిరోధకతను పెంచగలదు. 30 నుంచి 8 వరకు అన్నది ఉష్ణోగ్రత పది రెట్లు కూడా మారని పరిధి. అంత ఇరుకైన చోట లాగరిథమ్‌కూ మరో వక్రానికీ తేడా పట్టడం కష్టం.

అందుకని అసలు పరీక్ష పలచన చేయడం. సీరియంలో ఎక్కువ భాగాన్ని లాంథనంతో మార్చి, పదింట ఒక వంతు సీరియం మాత్రమే మిగిల్చి, విశిష్టోష్ణాన్ని మోలు సీరియంకు లెక్కగట్టండి. స్వల్పశ్రేణి క్రమం పొరుగువాడి మీద ఆధారపడినది కాబట్టి పలచన చేస్తే కరిగిపోతుంది లేదా బాగా కిందికి జారుతుంది. కోండో ప్రభావం ఒక్కో అయానుకు సొంతమైనది కాబట్టి నిలుస్తుంది. డబ్లెట్‌కు కోండో గుబ్బ ఎత్తు దాదాపు 1.5 జౌల్/కెల్విన్ మాత్రమే. రెండు సమాన స్థాయిల షాట్కీ గుబ్బ (స్థాయిల మధ్య శక్తి తేడా వల్ల వచ్చేది) 3.6 దాటుతుంది. ఆ తేడా కంటికే తెలుస్తుంది. సీరియం–సీసం 1:3 సమ్మేళనంలో 1987లో లాంథనంతో ఇలాగే చేసినప్పుడు, సీరియం గాఢతతో నిమిత్తం లేకుండా కొలతలు ఒక్కో అయానుకు ఒకే తీరులో వచ్చాయి. అన్ని సమ్మేళనాలూ అంత మర్యాదగా ప్రవర్తించవు. లాంథనం సీరియం కన్నా పెద్దది కనుక జాలకం వ్యాకోచిస్తుంది, దానితో వినిమయం తగ్గి కోండో ఉష్ణోగ్రత కూడా దిగుతుంది. వీలైతే లాంథనంలో కొంచెం ఇట్రియం కలిపి యూనిట్ సెల్ ఘనపరిమాణాన్ని అసలు విలువ దగ్గరే నిలపండి.


జవాబు
ఆర్క్_ఫర్నేస్, బెంగళూరు

పై జవాబులోని సిద్ధాంతం గురించి నాకు చెప్పేదేమీ లేదు, నమూనా గురించే రెండు మాటలు. మన తీరంలో భీమిలి వైపు ఇసుకలో కూడా దొరికే మోనజైట్ ఖనిజంలో సీరియం ఉంటుంది. కానీ శుద్ధి చేసిన లోహం గాలి తగలగానే నల్లబడి పొడిరాలుతుంది. ఆకురాయితో గీకితే నిప్పురవ్వలు వస్తాయి. ముక్కను ఆర్గాన్ పెట్టెలోనే గీకి, తూచి, అక్కడి నుంచి నేరుగా ఆర్క్ ఫర్నేస్‌లోకి చేర్చకపోతే ఆక్సైడ్ తప్పకుండా కలుస్తుంది. కరిగించే ముందు పక్కనున్న టైటానియం బిళ్ళను కరిగించి మిగిలిన ఆక్సిజన్‌ను దానికి పట్టించే పద్ధతి మీ ల్యాబ్‌లోనూ ఉండే ఉంటుంది.

ఎందుకు చెబుతున్నానంటే, రెండుకు మూడు నిష్పత్తి గల సీరియం ఆక్సైడ్ 6 కెల్విన్ సమీపంలో యాంటీఫెర్రో అవుతుంది. మీ 4.6 కెల్విన్ శిఖరానికి పైన ఎంట్రోపీ తోక సరిగ్గా ఆ ప్రాంతం మీదుగానే పోతోంది. ల్యాబ్‌లోని మామూలు ఎక్స్‌రే యంత్రం రెండు మూడు శాతం ఆక్సైడ్‌ను గట్టిగా పట్టుకోలేదు. ససెప్టిబిలిటీని 100 ఓర్‌స్టెడ్ వంటి చిన్న క్షేత్రంలో 5 నుంచి 8 కెల్విన్ వరకు దగ్గర దగ్గర బిందువులతో మళ్ళీ కొలవండి. 6 దగ్గర చిన్న నొక్కు కనిపిస్తే ఆక్సైడే. అయితే ఒక మాట: ఐదు శాతం సీరియం ఆక్సైడ్‌లోకి పోయినా మీ ఎంట్రోపీ లెక్క ఐదు శాతమే మారుతుంది, 38 శాతానికి అది సమాధానం కాదు.

ఇంకొకటి. మీ లాంథనం సమ్మేళనం తక్కువ ఉష్ణోగ్రతలో అతివాహకమవుతోందా చూసుకోండి. చాలా లాంథనం సమ్మేళనాలు అవుతాయి. అప్పుడు దాని విశిష్టోష్ణాన్ని తీసివేస్తే సీరియం లెక్కలో లేని గుంటలు, గుట్టలు పుట్టుకొస్తాయి. క్షేత్రం పెట్టి అతివాహకతను చంపి కొలవాలి. నిరోధకతకు వాడిన కడ్డీలో సన్నని పగుళ్ళు ఉన్నాయేమో కూడా చూడండి. ఈ సిలిసైడ్లు కరిగించి చల్లార్చేటప్పుడు పగులుతాయి, అప్పుడు నిరోధకత పరిమాణం నమ్మదగినది కాదు. లాంథనాన్ని తీసివేయడం అంటే రెండు కడ్డీల పరిమాణాలనూ నమ్మడమే కదా.


మల్లేశ్వరం_పరిశోధకురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 6 కెల్విన్ దగ్గర నొక్కు ఏమీ లేదు, ఇప్పుడే పాత ఫైళ్ళు తీసి చూశాను. లాంథనం సమ్మేళనం 1.8 కెల్విన్ వరకు అతివాహకం కాలేదు. లాంథనం, ఇట్రియం కలిపిన నమూనాలు చేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒక కెల్విన్ కన్నా కిందికి చల్లబరిచే హీలియం–3 అమరిక కోసం క్యూ కూడా ఉంది. ఈలోగా ఉపయోగపడుతుందేమో చెప్పండి: ఇదే నిర్మాణంలో గాడోలినియం సమ్మేళనం మా దగ్గర ఉంది, అది 38 కెల్విన్ వద్ద యాంటీఫెర్రో అవుతుంది. దీని నుంచి ఏమైనా రాబట్టవచ్చా? న్యూట్రాన్ వివర్తనంలో భ్రామకం తక్కువ వస్తే కోండో రుజువైనట్టేనా?


జవాబు
అడయారు_నివాసి, చెన్నై

గాడోలినియం అంకె ఉంటే మొదటే చెప్పవలసింది, అది చాలా విలువైనది. ఆర్‌కేకేవై వినిమయం అన్ని లాంథనైడ్లకూ ఒకటేనని అనుకుంటే క్రమోష్ణోగ్రత డి జెన్ గుణకంతో (అయాను స్పిన్ బలాన్ని తెలిపే అంకె) మారుతుంది. గాడోలినియంకు అది 15.75, సీరియంకు 0.18. అంటే 38 కెల్విన్‌కు బదులు మీ సీరియం సమ్మేళనానికి 0.43 కెల్విన్ రావాలి. వచ్చినది 4.6, అంటే పది రెట్లు ఎక్కువ.

స్ఫటిక క్షేత్రం ఈ విలువను పెంచగలదు, కానీ ఎంత? అడుగు డబ్లెట్ పూర్తిగా ±5/2 స్థాయిగా ఉండి, భ్రామకాలు ఆ అక్షం వెంటే నిలిచే అత్యంత అనుకూల సందర్భంలో, సగటు క్షేత్ర లెక్క ప్రకారం పెరుగుదల 2.14 రెట్లు. అంటే 0.92 కెల్విన్. మిగిలిన ఐదు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? సీరియం 4ఎఫ్ స్థాయి ఫెర్మీ స్థాయికి దగ్గరగా ఉండి వాహక ఎలక్ట్రాన్లతో కలగలిసిపోవడం వల్ల, గాడోలినియంలో లేని అదనపు వినిమయం పుట్టడం దీనికి సహజమైన కారణం. కోండో ప్రభావాన్ని పుట్టించేదీ ఆ వినిమయమే. కాబట్టి మీరు «క్రమమా, కోండోనా» అని విడదీసి అడిగే ప్రశ్నలో రెండు పక్షాలూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. క్రమోష్ణోగ్రత డి జెన్ అంచనాను ఇంత మించడమే కలగలుపు బలంగా ఉందనడానికి సాక్ష్యం. తగ్గిన ఎంట్రోపీ కన్నా దీన్నే నేను ముందు రాస్తాను. ఈ పోకడ ఎంత దూరం పోగలదో చూడాలంటే సీరియం–రోడియం–బోరాన్ 1:3:2 సమ్మేళనాన్ని గుర్తు చేసుకోండి. 1981లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు అది 115 కెల్విన్ వద్ద ఫెర్రోమాగ్నెట్ అవుతుందని చూపించారు. దాని గాడోలినియం జంట క్రమోష్ణోగ్రత కూడా అంత లేదు.

న్యూట్రాన్ సంగతి వేరు. చిన్న భ్రామకం వచ్చిందని సంతోషించే ముందు స్ఫటిక క్షేత్రం ఒక్కటే ఎంత తగ్గించగలదో లెక్క వేయండి. ±5/2 డబ్లెట్‌కు అక్షం వెంట 2.14 బోర్ మాగ్నెటాన్లు. ±1/2 అయితే అక్షం వెంట 0.43, అడ్డంగా 1.29, ±3/2 అయితే అక్షం వెంట 1.29, అడ్డంగా సున్నా. ఘన నిర్మాణంలోని గామా–7 డబ్లెట్‌కు 0.71. ఇందులో ఎక్కడా కోండో లేదు. కనుక ముందు అస్థితిస్థాపక న్యూట్రాన్ పరిక్షేపణంతో పై డబ్లెట్ల స్థానాలు, వాటి తరంగ ప్రమేయాలు తెలియాలి, ఆ తర్వాతే వివర్తనంలో వచ్చిన భ్రామకాన్ని దానితో పోల్చాలి. అదే ప్రయోగంలో క్వాసీ–ఎలాస్టిక్ రేఖ (సున్నా శక్తి మార్పు చుట్టూ వచ్చే రేఖ) వెడల్పు తక్కువ ఉష్ణోగ్రతలో ఎక్కడ స్థిరపడుతుందో చూస్తే అడుగు డబ్లెట్ కోండో ఉష్ణోగ్రత నేరుగా చేతికొస్తుంది. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో వివర్తనం చేయవచ్చు, కానీ ఒక మాగ్నెటాన్‌కు తక్కువ భ్రామకం పొడి నమూనాలో కనిపించాలంటే చాలా గ్రాముల నమూనా, ఓపిక రెండూ కావాలి.


జవాబు
వేళచ్చేరి_తెలుగు, చెన్నై

డోనియాక్ పటం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 1977లో డోనియాక్ ఒక పరిమాణపు సులభ నమూనాతో చెప్పిన విషయం ఇంతే: ఆర్‌కేకేవై ఉష్ణోగ్రత వినిమయపు వర్గంతో పెరుగుతుంది, కోండో ఉష్ణోగ్రత ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, కనుక వినిమయం చిన్నగా ఉన్నప్పుడు క్రమం గెలుస్తుంది, పెద్దదైతే కోండో గెలుస్తుంది, మధ్యలో క్రమోష్ణోగ్రత ఒక శిఖరానికి ఎక్కి సున్నాకు దిగుతుంది. ఆ పటంలోని అడ్డ అక్షాన్ని ఎవరూ నేరుగా కొలవలేరు. ఒకే ఒక్క సమ్మేళనాన్ని ఒకే పీడనంలో కొలిచి ఆ గీత మీద చుక్క పెట్టడం అలంకారమే తప్ప సమాచారం కాదు. సమీక్షకులు కూడా ఇప్పుడిప్పుడే ఆ చుక్కలను ప్రశ్నిస్తున్నారు.

పీడనం పెట్టి చూస్తే ఆ పటానికి అర్థం వస్తుంది. పీడనం సీరియంను భ్రామకం లేని చిన్న అయాను వైపు నెడుతుంది కాబట్టి వినిమయం పెరుగుతుంది. శుద్ధ సీరియం లోహమే గది ఉష్ణోగ్రతలో దాదాపు 0.8 గిగాపాస్కల్ వద్ద ఒక్కసారిగా 15 శాతం కుంచించుకుపోతుంది. సీరియం–ఇండియం 1:3 సమ్మేళనం మామూలు పీడనంలో 10 కెల్విన్ వద్ద యాంటీఫెర్రో; దాదాపు 2.5 గిగాపాస్కల్ దగ్గర ఆ క్రమం మాయమై, అక్కడే 0.2 కెల్విన్ స్థాయిలో అతివాహకత కనిపించింది. సీరియం–పెల్లేడియం–సిలికాన్ 1:2:2లోనూ అటువంటిదే జరుగుతుందని 1998లో కేంబ్రిడ్జ్ వారు ఈ రెండింటినీ కలిపి ప్రకటించారు. మీ నమూనాకు పిస్టన్–సిలిండర్ సెల్‌లో 2 గిగాపాస్కల్ వరకు నిరోధకత కొలిస్తే చాలు. మొదట్లో 4.6 పెరిగితే మీరు శిఖరానికి ఎడమ వైపు ఉన్నట్టు, మొదటి నుంచే పడిపోతే కుడి వైపు ఉన్నట్టు. కుడి వైపు ఉంటే క్రమం పోయే చోటు దగ్గరలోనే ఉండవచ్చు, అప్పుడు హీలియం–3 క్యూలో నిలబడడానికి అసలైన కారణం దొరుకుతుంది.

ఇప్పటికి రాయవలసిన వాక్యం విషయంలో నా సలహా: «4.6 కెల్విన్ వద్ద యాంటీఫెర్రో క్రమం, గాడోలినియం జంటతో పోల్చినప్పుడు క్రమోష్ణోగ్రత పది రెట్లు ఎక్కువగా ఉండడం, నిరోధకతలోని లాగరిథమ్ పెరుగుదల బలమైన 4ఎఫ్–వాహక ఎలక్ట్రాన్ కలగలుపును సూచిస్తున్నాయి» అని రాయండి. ఎంట్రోపీ అంకెను ఆ తర్వాతి వాక్యంలో, స్వల్పశ్రేణి క్రమపు అవకాశంతో పాటు ఉంచండి. శీర్షికలో «కోండో జాలకం» అన్న మాట పలచన నమూనాల ఫలితాలు వచ్చాక చేర్చవచ్చు. మీ గైడ్ గారు దానికి అడ్డు చెప్పరనే అనుకుంటున్నాను.